పన్నెండు మంది వాటా, నా ఒక్క పేరు

అక్టోబరు 9, సోమవారం

యురానీ ఆఫీసు నుంచి మళ్లీ ఉత్తరం వచ్చింది. ఆమె పెట్టిన ఇల్వాన్ కంపెనీలోకి కొత్త పెట్టుబడిదారులు వస్తున్నారట. వాళ్ల కోసం కొత్త వాటాలు పుట్టిస్తున్నారు. దానితో పాతవాళ్ల వాటా తగ్గుతుంది. తగ్గకుండా ఉండాలంటే మేం కూడా మా వంతు కొత్త వాటాలు కొనుక్కోవచ్చు, ఆ హక్కు మాకుంది. ఇరవై ఏడో తేదీ శుక్రవారం సాయంత్రం ఐదు లోపల సంతకం చేసి ఇవ్వాలి. ఇవ్వకపోతే హక్కు పోతుంది.

మాకు, మేం అని రాశాను. ఉత్తరం మీద ఉన్నది రుబియేలా ఓసా అన్న నా ఒక్క పేరే.

మార్చిలో వచ్చిన ఉత్తరం ఎక్కడ పెట్టానో, దీన్నీ అక్కడే పెట్టాను. బల్లగుడ్డల కింద.

అక్టోబరు 10

ఈ రోజంతా ఇల్లు కడిగాను. కడిగిన చోటే మళ్లీ కడిగాను.

అక్టోబరు 11, బుధవారం

శనివారం పొదుపు సంఘం కలుస్తుంది. వాళ్లకు చెప్పాల్సింది ముందే ఇక్కడ రాసి చూసుకుంటే ఆ రోజు నోరు తడబడదు.

"అమ్మలూ, నాలుగేళ్ల కిందట డిసెంబరులో మనం ఏం చేశామో గుర్తుంది కదా. ఏడాదంతా కూడబెట్టింది పంచుకోవాల్సిన రోజున, అందులో నాలుగు కోట్ల పెసోలు పంచుకోకుండా యురానీ చేతిలో పెట్టాం. మన ఇళ్లకి బైకు మీద కుట్టుపని మూటలు తెచ్చిచ్చిన పిల్ల. ఇళ్లలో ఖాళీగా ఉన్న మిషన్లకీ, పని ఉండి మిషన్లు లేని పెద్ద కంపెనీలకీ ఫోన్లో సంబంధం కలుపుతానంది. మనకి వెయ్యిలో అరవై వాటా ఇచ్చింది. పన్నెండు మందిమి, మనిషికి ఐదు. కాగితం ఒక్క పేరు మీదే ఉంటే సుఖమని లాయరు అన్నాడు. లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది కాబట్టి మీరందరూ నన్ను చూపించారు."

ఇంతవరకు బాగానే ఉంది. ఇది నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

"మొన్న మార్చిలో ఒక ఉత్తరం వచ్చింది."

ఇది రాసి అరగంటయింది. దీని తర్వాతి మాట రావడం లేదు.

అక్టోబరు 12, గురువారం

దారాల కొట్టు దోన్ ఎలాడియో కబురు పెడితే వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. కాళ్లకు చెప్పినా వినలేదని అబద్ధం రాయను, మంచి జాకెట్టు వేసుకుని మరీ వెళ్లాను.

"రండి రండి పెట్టుబడిదారు గారూ," అన్నాడు. "ఉత్తరం వచ్చిందంట కదా."

"మీకెవరు చెప్పారు?"

"ఈ ఊళ్ళో దారం అమ్ముకునేవాడికి తెలియని ముడి ఉంటుందా అమ్మా? పోయినసారి లాగే కానిచ్చేద్దాం. డబ్బంతా నాది. సంతకం మీది. అప్పుడు నాలుగో వంతు ఇచ్చా, ఈసారి మూడో వంతు తీసుకోండి. మీకు పడే శ్రమ ఏముంది, ఒక సంతకం."

నాకోసం కాఫీ తనే పోశాడు, నౌకర్ని పిలవలేదు. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికి ఏముంది? వద్దని చెప్పి లేవాల్సింది. ఆ కుర్చీ మెత్తగా ఉంటుంది.

సరే, మార్చి సంగతి రాసేస్తాను. ఎవరు చూస్తారు గనక.

మార్చిలో మా అరవై అరవైగానే ఉండాలంటే మనిషికి అరవై లక్షల పెసోలు పెట్టాల్సి వచ్చింది. అంటే ఐదు నెలల కూలి. వాళ్ల దగ్గర ఎక్కడుంటుంది అనుకున్నాను. అడిగితే భయపడి మొదట పెట్టిందే వెనక్కి ఇప్పించమంటారని అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. మా హక్కుకి ఎలాడియో డబ్బు కట్టాడు, నేను సంతకం పెట్టాను. కొత్తగా వచ్చిన పన్నెండులో తొమ్మిది అతనివి, మూడు నావి. అతనివి కూడా కాగితం మీద నా పేరుతోనే ఉన్నాయి. అందరి ఐదూ నాలుగయ్యాయి. నాది మాత్రం నాలుగూ మూడూ ఏడయింది.

కాగితం మీద ఇప్పటికీ అరవయ్యే. ఎవరు అడిగినా అరవై అంటున్నాను. అది అబద్ధం కాదు.

అక్టోబరు 14, శనివారం

చెప్పలేదు.

నోహెమీ వదిన ఇంటి ముందు గదిలోనే కలిశాం, ఎప్పటిలాగే. పన్నెండు మందీ వచ్చారు. పొదుపు వసూలైంది, లాటరీ తీశాం, కోడి డోలీకి వచ్చింది. డోలీ ఆ కోడిని చంకలో పెట్టుకునే నా మీద పడింది.

"ఏమ్మా దేవదూతా, మన అరవై క్షేమంగా ఉన్నాయా? రెక్కల కింద దాచావా?"

మొదట్లో డబ్బు పెట్టేవాళ్లను ఏంజెల్ అంటారని యురానీ చెప్పిన రోజు నుంచి ఇదొక పేరు నాకు.

"అరవై," అన్నాను.

"ఒక్కటి కూడా తగ్గలేదు కదా?"

"కాగితం చూపించమంటావా?"

"అబ్బే, నిన్ను నమ్మకపోతే కాగితాన్ని నమ్ముతామా," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా మొహం మీద అంటుకుని ఉన్నట్టుంది, రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నాను.

కార్మెలీనమ్మకు డెబ్భై ఎనిమిదేళ్లు, ఇంకా గుండీలు కుట్టి బతుకుతుంది. తన ఐదూ మనవరాలి నర్సు చదువుకని మళ్లీ చెప్పింది. "అమ్మేటప్పుడు తొందరపడకు రుబియేలా, నువ్వెప్పుడు చెప్తే అప్పుడే," అంది. ఆమె ఐదు ఇప్పుడు నాలుగు. నేనేం చెప్పకుండా ఊరుకుంటే ఇరవై ఏడో తేదీకి మూడు.

వదిన నా పళ్లెంలో రెండు ఎంపనాదలు ఎక్కువ వేసింది.

అక్టోబరు 15, ఆదివారం

నేనేమీ తీసుకోలేదు. కంపెనీ ఖరీదు పెరిగింది కదా, వాళ్ల ఇప్పటి నాలుగు అప్పటి ఐదు కంటే ఎక్కువే చేస్తుంది. వాళ్లకి నష్టం ఎక్కడుంది? ఎవరి మిషను ఎత్తుకుపోయాను?

పూజకు వెళ్లాను గానీ ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకునే వరుసలో నిలబడలేదు. నాలుగు ఐదు అని ఆయనకు ఏం అర్థమవుతుంది.

అక్టోబరు 17, మంగళవారం

యురానీని కలిశాను. ముప్పై ఒక్కేళ్ల పిల్ల, కళ్ల కింద నల్లగా వలయాలు. అయినా నాకు కుర్చీ లాగి వేసింది.

"పిన్నీ, దీనికి కంగారు పడకు. మొదట్లో పెట్టినవాళ్లు అందరూ ఈ మూడిట్లో ఏదో ఒకటే చేస్తారు. ఉన్నవాళ్లు మళ్లీ పెట్టి వాటా నిలబెట్టుకుంటారు. లేనివాళ్లు ఆ హక్కుని ఇంకొకడికిచ్చి, దానికి ఇంత అని తీసుకుంటారు. అదీ కాదంటే ఊరుకుంటారు. పాయసంలో పాలు ఎక్కువ పోస్తే అందరి గరిటా పలచనవుతుంది, కానీ గిన్నె నిండుతుంది కదా. ఏదీ తప్పు కాదు."

ఏదీ తప్పు కాదన్న మాట విని ప్రాణం లేచి వచ్చింది. చూశావా, అనుకున్నాను.

"అందరితో మాట్లాడి చేస్తే చాలు," అంది. "మార్చిలో అడిగావు కదా వాళ్లని?"

"అడిగాను."

"ఏమన్నారు?"

"వద్దన్నారు."

యురానీ తలూపి ఇంకో కాగితం తీసింది. నేను సంచీ సర్దుకున్నాను. సర్దుకోవడానికి అందులో ఏమీ లేదు.

అక్టోబరు 18

వద్దన్నారని చెప్పాను. వాళ్ల నోట్లో మాట నేనే పెట్టాను.

అక్టోబరు 20, శుక్రవారం

వదిన పిలిస్తే వెళ్లాను. పై గదికి కిటికీ చట్రాలు వచ్చాయట, చూపించాలని పిలిచింది. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఆమె పెద్దవాడికి జ్ఞానస్నానం చేయించినప్పుడు వాణ్ణి ఎత్తుకున్నది నేనే. అప్పటి నుంచి వదినా వదినా అనుకుంటాం. మిల్లులో నా చేతి కింద పనిచేసినప్పుడు కూడా, అందరూ సూపర్వైజరమ్మ అంటుంటే తను ఒక్కతే వదినా అని పిలిచేది.

కొత్త మెట్ల మీద కూర్చుని బెల్లం నీళ్లు తాగాం. ఏప్రిల్లో ఆ స్లాబు పోసిన రోజు వీధంతా కదిలి వచ్చింది. మగవాళ్లు బకెట్లు అందించుకున్నారు, ఆడవాళ్లం పెద్ద గుండిగ పెట్టి సాన్కోచో పులుసు వండాం. నేను కర్రపెండలం ఒలిచాను. ఆ రోజు చెయ్యి కోసుకున్నాను కూడా.

అసలు రాయనిది ఇదే. పదకొండు రోజులుగా చుట్టూ తిరుగుతున్నాను.

మార్చిలో ఒక ఆదివారం పూజ అయ్యాక, గుడి ముందు బెంచీ మీద వదిన నన్ను అడిగింది. వాళ్లమ్మ స్థలం అమ్మితే తన వంతుకు అరవై ఐదు లక్షలు వచ్చాయి. "వదినా, స్లాబు పోయించనా, ఇంకెక్కడన్నా పెట్టనా? ఇలాంటివి నీకు తెలిసినట్టు నాకు తెలీవు," అంది.

ఉత్తరం నా సంచీలో ఉంది. సంచీ నా ఒళ్లో ఉంది. గడువు ఇంకా పన్నెండు రోజులుంది.

"స్లాబే గట్టిది వదినా," అన్నాను.

అప్పటికే ఎలాడియోకి మాటిచ్చేశాను. వాళ్ల దగ్గర డబ్బు ఎక్కడుంటుంది అని ఈ పుస్తకంలోనే ఎనిమిది రోజుల కిందట రాసుకున్నాను. నా పుస్తకంలో నాకే అబద్ధం రాసుకున్నాను. సిగ్గు లేదు నాకు.

అక్టోబరు 21, శనివారం

ఎందుకు చేశానంటే డబ్బు కోసమని రాస్తే సులువుగా ఉంటుంది. డబ్బు కోసం కాదు, లేదా దాని కోసం ఒక్కటే కాదు.

ఆ ఉత్తరం మీద "గౌరవనీయ పెట్టుబడిదారు రుబియేలా ఓసా" అని ఉంది. ముప్పై ఏళ్లు మిల్లులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నదాన్ని నన్ను ఎవరూ గౌరవనీయ అనలేదు. ఎలాడియో కుర్చీ వేసి కాఫీ పోశాడు. వాటాదారుల భోజనానికి పిలిస్తే టైలు కట్టుకున్నవాళ్లు నా అభిప్రాయం అడిగారు. ఈ ఉత్తరం వదిన ముందు గదిలో పెడితే ఏమవుతుంది? పన్నెండు మంది పన్నెండు మాటలు, మధ్యలో డోలీ వెటకారం, కోడి అరుపు. నేను మళ్లీ లెక్కల పుస్తకం రుబియేలా అయిపోతాను. ఒక్కటైనా నాది అని ఉండాలనిపించింది.

ఇది కారణమే. సాకు కూడా ఇదే.

అక్టోబరు 23, సోమవారం

రేపు నాలుగింటికి అందరినీ రమ్మని కబురు చేశాను. ఏంటి విశేషం అని డోలీ మూడుసార్లు ఫోన్ చేసింది. మంచి విశేషమే అనుకుంటోంది.

అక్టోబరు 24, మంగళవారం

చెప్పాను.

రాసుకున్నదేమీ పనికి రాలేదు. కూర్చోకుండా నిలబడే చెప్పాను. మార్చి ఉత్తరం, ఈ నెల ఉత్తరం బల్ల మీద పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు.

మొదట మాట్లాడింది కార్మెలీనమ్మ. "అంటే నాది పోయిందా?"

"పోలేదమ్మా. ఐదు నాలుగయింది. ఈసారి కూడా ఏమీ పెట్టకపోతే మూడవుతుంది."

"ఎవరు తీసుకున్నారు ఆ ఒకటి?"

ఎవరూ తీసుకోలేదని చెప్పబోయాను. ఇన్నాళ్లుగా నాకు నేను చెప్పుకున్న మాట అదే. నోటిదాకా వచ్చి ఆగింది.

డోలీ నవ్వడం లేదు. "ఆ దారాలాయన ఊరికే చేసుంటాడా? నీకేమిచ్చాడు?"

"మూడు."

"మూడు ఏంటి?"

"వెయ్యిలో మూడు వాటాలు."

"అయితే నీకు ఏడు, మాకు నాలుగు."

"అవును."

"మొన్న శనివారం నిన్నడిగా. కోడిని పట్టుకుని నిలబడి అడిగా. అరవై అన్నావ్."

"కాగితం మీద అరవయ్యే డోలీ."

"కాగితం సంగతి నేనడిగానా? మా సంగతి అడిగా."

ఆ మూడూ పన్నెండు భాగాలు చేసి అందరికీ రాసిస్తానన్నాను. "మనిషికి పావు," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎవరో చూడలేదు, నేల చూస్తున్నాను. వదిన లేచి ఎవరూ తాగని కాఫీ కప్పులు ఒక్కొక్కటే తీసుకెళ్లి లోపల పెట్టింది. నా వైపు రాలేదు.

తర్వాత వాళ్లే మాట్లాడుకున్నారు. నన్ను పక్కన పెట్టి, నా ముందే. ఈసారి వాటా నిలబెట్టుకోవాలంటే మనిషికి కోటి పెసోలు. కోటి ఎవరి దగ్గరా లేదు, కానీ ఉన్నంత పెట్టొచ్చు, పెట్టినంత మేరకు నిలబడుతుంది. పెడదామనే తేల్చారు. వాళ్లు భయపడతారని అనుకున్నది నేను. పావుగంటలో తేల్చేశారు.

"ఈసారి కాగితం నోహెమీ పేరు మీద," అంది డోలీ. "ఆ పిల్లకి ఫోన్ చెయ్యి. అందరికీ వినపడేట్టు పెట్టు."

పెట్టాను. డోలీ ఫోన్ అందుకుని పేరు మార్చమని అడిగింది. యురానీ విని, "కుదరదమ్మా," అంది. "రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్లకే ఆ హక్కు. పేరు మార్చడానికి రెండు నెలలు పడుతుంది, గడువు శుక్రవారమే. రుబియేలా పిన్ని సంతకమే చెల్లుతుంది." ఆగి, సంతోషంగా అంది. "అయినా ఈసారి పెడుతున్నారు, మంచిది. మార్చిలో మీరంతా వద్దన్నారని మొన్న పిన్ని చెప్తే బాధేసింది."

ఫోన్ డోలీ చేతిలో ఉంది. ఆమె కట్ చేసింది.

ఇది నేను చెప్పకుండా దాచుకున్నాను. ఇదీ బయటపడింది. నేను చెప్పి ఉంటే బాగుండేది, ఫోన్ చెప్పింది.

అక్టోబరు 25, బుధవారం

ఎలాడియో దగ్గరికి వెళ్లాను. మీ తొమ్మిదికి ఎంత వస్తుందో అంతే మీరు పెట్టుకోండి, మిగతా హక్కు ఆడవాళ్లది అన్నాను.

"వాళ్లు పెట్టలేరు దోన్యా రుబియేలా. వృథా అయిపోతుంది."

"అయితే కానివ్వండి. అది వాళ్లది."

ఈసారి కాఫీ రాలేదు.

అక్టోబరు 26, గురువారం

ఈ రోజు మా ఇంటికి ఒక్కొక్కరే వచ్చారు. ఇష్టపడి కాదు, నా సంతకం తప్ప ఇంకో దారి లేక వచ్చారు.

డోలీ అందరికంటే ముందు వచ్చింది. ముప్పై లక్షలు కవరులో పెట్టి బల్ల మీద ఉంచింది. నేను లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాను. ఆమె లేవలేదు.

"రసీదు," అంది.

పద్నాలుగేళ్లుగా లెక్క నేనే రాస్తున్నాను. ఇంతవరకు ఏ ఒక్కరూ రసీదు అడగలేదు. నా దగ్గర రసీదు పుస్తకమే లేదు. ఆమెను కూర్చోబెట్టి మూల కొట్టుకు పరిగెత్తి కొనుక్కొచ్చాను. తేదీ, మొత్తం, ఎందుకు, ఎవరి తరఫున అంతా తను చెప్పినట్టే రాయించింది. "పేరు పూర్తిగా," అంది. రాశాను.

ఆ తర్వాత వచ్చినవాళ్లంతా అడిగారు. ఒకామె పదిహేను లక్షలు, ఇంకొకామె ఎనిమిది. కార్మెలీనమ్మ నాలుగు లక్షలు తెచ్చింది. రసీదు కళ్లజోడుకి దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివి, రవికలో పెట్టుకుంది. "తప్పుగా అనుకోకు," అంది నాతో. తప్పుగా అనుకోవడానికి నాకేం హక్కుంది.

నాలుగు దాటాక వదిన వచ్చింది. చేతిలో ఏమీ లేదు.

"నీ కోటీ ఎలాగోలా తెచ్చి నేను పెడతాను వదినా," అన్నాను. ఆమె కూర్చోక ముందే అన్నాను, పొద్దుటి నుంచి దాన్నే పట్టుకుని ఉన్నాను.

"వద్దు."

"అప్పనుకో."

"వద్దన్నా కదా." కూర్చుంది. "మార్చిలో గుడి ముందు నిన్నడిగా. సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావ్. ఉత్తరం అందులోనే ఉందా?"

"ఉంది."

తలూపింది. వీధిలో అవకాడోల బండివాడు అరుచుకుంటూ వెళ్లాడు.

"పుస్తకంలో నా పేరు రాయి."

రాశాను.

"ఎదురుగా సున్నా పెట్టు."

"వదినా."

"పెట్టు."

పెట్టాను.

"రసీదియ్యి."

"దేనికి?"

"ఆ సున్నాకి. లేకపోతే నోహెమీ వద్దందని రేపు ఇంకెవరికో చెప్తావ్. నేను వద్దనలా. ఉన్నప్పుడు నాకు తెలీదు, తెలిసేసరికి లేదు. అట్లా రాయి."

రాశాను. మొదటి కాగితం మీద తప్పు పడింది, ఇంకో కాగితం మీద రాశాను. మార్చిలో నోహెమీ దగ్గర డబ్బు ఉంది, నేను ఉత్తరం సంగతి చెప్పలేదు. అక్టోబరులో చెప్పాను, ఆమె దగ్గర డబ్బు లేదు. సంతకం, పూర్తి పేరు.

ఆమె రెండుసార్లు చదివింది. నాలుగు మడతలు పెట్టి లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. ఏదైనా అంటుందేమో, తిడుతుందేమో అని లేచి నిలబడ్డాను.

"వస్తానండీ," అంది.

అక్టోబరు 27, శుక్రవారం

పొద్దున్నే యురానీ ఆఫీసుకు వెళ్లాను. పదకొండు మంది డబ్బు, నాతో కలిపి. సంతకం పెట్టాల్సిన చోట యురానీ పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంచింది. పెట్టాను. రుబియేలా ఓసా, నా ఒక్క పేరే. కొత్త సంవత్సరంలో పన్నెండు పేర్లూ రాయించే కాగితం మొదలుపెట్టమని కూడా అడిగాను.

ఆమె జాబితా చూస్తూ, "నోహెమీ అత్తది లేదే," అంది. "వద్దందా?"

పక్క బల్లల దగ్గర కుర్రాళ్లు పని చేసుకుంటున్నారు. తలుపు తెరిచే ఉంది.

"లేదు," అన్నాను. "వద్దనలేదు. మార్చిలో కూడా ఎవరూ వద్దనలేదు. నేనే అడగలేదు."

యురానీ కాగితాలు సర్దడం ఆపి నా వైపు చూసింది. నేను సంచీ కోసం వెతుక్కోలేదు. ఆమె చూసినంతసేపూ అలాగే కూర్చున్నాను.